పీఎస్6 కోసం ఆగాలా? గ్రాఫిక్స్ సంగతి సరే, గేములు ఎవరిస్తారు?

హన్మకొండ_జోన్
నయీంనగర్‌లో నాకు చిన్న గేమింగ్ జోన్ ఉంది. దాదాపు అన్నీ పీఎస్4లే (సోనీ ప్లేస్టేషన్ 4), పీఎస్5 ఒక్కటే. పాతవి ముసలివైపోయాయి, ఫ్యాన్ మోతకు టీవీ సౌండ్ వినబడటం లేదు. అన్నీ తీసేసి పీఎస్5లు పెడదామని చిట్టీ ఎత్తాను. ఇంతలో పోరగాళ్ల లొల్లి మొదలైంది. "అన్నా, ఇప్పుడు కొనకు, పీఎస్6 వస్తోంది, దాని ముందు ఇది బొమ్మ" అంటున్నారు. యూట్యూబ్ తెరిస్తే ఒక్కొక్కడు ఒక్కో టెరాఫ్లాప్ (సెకనుకు లక్ష కోట్ల లెక్కలు) అంకె చెబుతున్నాడు. సోనీ ధర చెప్పలేదు, తేదీ చెప్పలేదు. వీళ్లకు ఎవరు చెప్పారో మరి!

నేను అడిగేది రెండు. గ్రాఫిక్స్‌లో నిజంగా అంత తేడా ఉంటుందా? రెండోది, నాకు అసలైనది. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఆడేది ఫిఫా, డబ్ల్యూడబ్ల్యూఈ, టెక్కెన్, జీటీఏ. వీటిలో ఒక్కటి కూడా సోనీ సొంత గేమ్ కాదు. కొత్త మెషిన్ రాగానే ఈ బయటి కంపెనీలు పాతదాన్ని వదిలేస్తాయా? అట్లయితే నేను ఇప్పుడు పెట్టే పైసలు ఆగం.

కాజీపేట_జంక్షన్
ఫిఫా ఎక్కడిదన్నా? 2023 నుంచి అది ఎఫ్‌సీ.

హన్మకొండ_జోన్
నా బోర్డు మీద ఫిఫా అనే ఉంది. మార్పించాలంటే పెయింటర్‌కు నువ్వు ఇస్తావా?

చిప్_చారి
టెరాఫ్లాప్ అంకె ఎట్లా పుడుతుందో ఒకసారి చూస్తే యూట్యూబ్ వాళ్లను ఎంతవరకు నమ్మాలో మీకే తెలుస్తుంది. పీఎస్5లో 36 కంప్యూట్ యూనిట్లు, ఒక్కోదానిలో బొమ్మల లెక్కలు చేసే 64 షేడర్లు. ఒక్కో షేడర్ ఒక క్లాక్‌కు, అంటే చిప్ ఒక్కసారి కొట్టుకునే లోపు, రెండు లెక్కలు చేస్తుంది. క్లాక్ 2.23 గిగాహెర్ట్జ్. గుణిస్తే 10.28 టెరాఫ్లాప్స్. ఇది కాగితం మీది గరిష్ఠం. గేమ్ నడిచేటప్పుడు మెమరీ నుంచి డేటా రావాలి, అది వచ్చేదాకా షేడర్లు ఖాళీగా ఉంటాయి. ఇంజిన్ ఎంత బలమైనదైనా కాజీపేట ఔటర్‌లో సిగ్నల్ పడకపోతే బండి కదలదు కదా, అంతే.

మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌ది 12.15. అంటే పీఎస్5 కన్నా 18 శాతం ఎక్కువ. 2020లో ఈ అంకె పట్టుకొని ఎంత గొడవ పడ్డామో గుర్తుందా? తీరా రెండింటిలో ఒకే గేమ్ పక్కపక్కన పెట్టి చూస్తే చాలావాటిలో తేడా వెతుక్కోవాల్సి వచ్చింది. కొన్నింటిలో పీఎస్5దే పైచేయి.

పీఎస్5కే బలం పెంచి తెచ్చిన పీఎస్5 ప్రో సంగతి ఇంకా బాగుంటుంది. రాకముందు లీకుల్లో 33.5 అన్నారు, వచ్చింది 16.7. లీకు చేసినవాళ్లు పూర్తిగా అబద్ధం చెప్పలేదు. ఒకే క్లాక్‌లో రెండు ఆదేశాలు పంపే వీలును కూడా కలిపి లెక్కేస్తే అంకె రెట్టింపవుతుంది, గేమ్ మాత్రం రెట్టింపు వేగంతో నడవదు. సోనీ ఆర్కిటెక్ట్ మార్క్ సెర్నీ దీనికి ఫ్లాప్‌ఫ్లేషన్ అని పేరు కూడా పెట్టాడు. సోనీ అధికారికంగా చెప్పిన లెక్క ఇది: కంప్యూట్ యూనిట్లు 67 శాతం ఎక్కువ, మెమరీ వేగం 28 శాతం ఎక్కువ, మొత్తం మీద రెండరింగ్ 45 శాతం వేగం. 67 పెడితే 45 వచ్చింది. కాబట్టి ఎవడైనా పీఎస్6కు ఇన్ని టెరాఫ్లాప్స్ అంటే, మెమరీ ఎంత, దాని వేగం ఎంత అని అడగండి. అక్కడ నోరు మూతపడుతుంది.

నిట్_హాస్టల్
చారి అన్నా, మీరు పాత లెక్కలోనే ఆగిపోయారు. పీఎస్6 అసలు బలం టెరాఫ్లాప్స్‌లో ఉండదు. 2025 అక్టోబర్‌లో సెర్నీ, చిప్‌ల కంపెనీ ఏఎండీకి చెందిన జాక్ హ్యూన్ కలిసి పెట్టిన వీడియో చూడండి. ప్రాజెక్ట్ అమెథిస్ట్. అందులో మూడు సంగతులు చెప్పారు. న్యూరల్ ఆరేస్: విడివిడిగా ఉన్న కంప్యూట్ యూనిట్లు కలిసి ఒకే పెద్ద ఏఐ ఇంజిన్‌లా పనిచేస్తాయి, అప్‌స్కేలింగ్ (తక్కువ రిజల్యూషన్ బొమ్మను పెద్దది చేయడం) నాణ్యత పెరుగుతుంది. రేడియన్స్ కోర్స్: రే ట్రేసింగ్‌లో (కాంతి కిరణాల దారి లెక్కేసి వెలుగునీడలు గీయడం) కిరణం ఎక్కడ తగిలిందో వెతికే పనికి ప్రత్యేకంగా హార్డ్‌వేర్, దాంతో షేడర్ల మీద భారం తగ్గుతుంది. యూనివర్సల్ కంప్రెషన్: జీపీయూలోకి (గ్రాఫిక్స్ చిప్) వెళ్లే డేటా మొత్తాన్ని కుదించి పంపడం. మీరు చెప్పిన మెమరీ సిగ్నల్ సమస్యకు ఇదే మందు.

చిప్_చారి
వీడియో చూశాను తమ్ముడూ. అదే వీడియోలో ఇవన్నీ ప్రస్తుతానికి సిమ్యులేషన్‌లోనే ఉన్నాయని సెర్నీ చెప్పాడు, అది కూడా విన్నావా? కొన్నేళ్లలో వచ్చే కన్సోల్‌లో పెడతామన్నాడు, పీఎస్6 అనే మాట వాడలేదు. దిశ మంచిదే, నాకూ నచ్చింది. దాన్ని పట్టుకొని జోన్ అన్న బేరం ఆపుకోమంటేనే అభ్యంతరం.

గోదావరిఖని_గన్నర్
నేను సెకండ్ షిఫ్ట్ నుంచి వచ్చి ఇప్పుడే చదివాను. జోన్ అన్న రెండో ప్రశ్నను అందరూ వదిలేశారు. దానికి జవాబు అన్న షాపులోనే ఉంది. మన దేశంలో పీఎస్4 వచ్చింది 2014 జనవరిలో. 2025లో వచ్చిన ఎఫ్‌సీ 26 పీఎస్4కు ఉంది. కాల్ ఆఫ్ డ్యూటీ బ్లాక్ ఆప్స్ 7 కూడా ఉంది. సోనీ పీఎస్5 తెచ్చి ఐదేళ్లయ్యాక కూడా బయటి కంపెనీలు పాతదానికి డిస్కులు కొడుతున్నాయి. ఎందుకంటే 2024లో సోనీ చెప్పిన లెక్కే, నెలకు పీఎస్5 మీద ఎంతమంది ఆడుతున్నారో పీఎస్4 మీదా అంతే, చెరో 4.9 కోట్లు. అంతమంది జేబులను ఎఫ్‌సీ చేసే ఏ ఈఏ వదులుకుంటుంది?

హన్మకొండ_జోన్
గన్నర్ అన్నా, ఇది నాకు అర్థమయ్యే భాష.

నిట్_హాస్టల్
అది సగం మాటే. టెక్కెన్ 8 పీఎస్4కు రాలేదు. జీటీఏ 6 పీఎస్4కు రాదు, పీఎస్5కూ ఎక్స్‌బాక్స్ సిరీస్‌లకే. ఏటా వచ్చే స్పోర్ట్స్ గేములు చూపించి అందరూ అట్లాగే చేస్తారంటే ఎట్లా?

గోదావరిఖని_గన్నర్
మరి నువ్వు చెప్పింది నా పక్షానికే పనికొస్తుంది. జీటీఏ 6కు 2026 నవంబర్ 19 అని ప్రకటించారు, పీఎస్5కే. అంటే రేపు అన్న దగ్గర జనం తిరునాళ్లలా వచ్చేది పీఎస్5 ఉంటేనే. పీఎస్6 కోసం ఆగితే ఆ బేరం పక్క జోన్‌వాడికి పోతుంది. జీటీఏ 5 చరిత్ర చూడు: 2013లో పీఎస్3, తర్వాత పీఎస్4, 2022లో పీఎస్5. ఒకే గేమ్‌ను మూడు తరాలకు అమ్ముకున్నారు.

కాజీపేట_జంక్షన్
ఆ తేదీ ఇప్పటికే ఒకసారి మే 26 నుంచి జరిగింది. మా చెల్లె పెళ్లి అయినా ముందు అయితుంది, ఆ గేమ్ రాదు.

భద్రకాళి_బండ్
మీరంతా ఫుట్‌బాల్, కుస్తీ గేముల లెక్కనే చూస్తున్నారు. నేను ఇంట్లో ఒక్కదాన్నే కథ ఉన్న గేములు ఆడతాను, నాకు గ్రాఫిక్స్ ముఖ్యమే. ఇప్పుడు ప్రతి పెద్ద గేమ్ మొదట్లోనే ఒక మెనూ పెడుతుంది, క్వాలిటీ మోడా, పెర్ఫార్మెన్స్ మోడా అని. మొదటిదైతే సెకనుకు 30 ఫ్రేములు, తిప్పితే కళ్లు లాగుతాయి. రెండోదైతే 60 ఫ్రేములు, కానీ చెట్ల ఆకులన్నీ తడిసిన రంగులా అలుక్కుపోయి ఉంటాయి. 55 అంగుళాల టీవీ కొన్నాక అది ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతోంది. పీఎస్6 నుంచి నాకు టెరాఫ్లాప్స్ వద్దు, ఆ మెనూ పోతే చాలు.

పీఎస్5 ప్రో చేసింది కొంతవరకు అదే. తక్కువ రిజల్యూషన్‌లో గీసి, పీఎస్ఎస్ఆర్ అనే ఏఐ అప్‌స్కేలింగ్‌తో పెద్దది చేసి చూపిస్తుంది. కానీ దాన్ని మన దేశంలో అమ్మలేదు. వైఫై 7 వాడే 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు అప్పట్లో ఇక్కడ అనుమతి లేదని సోనీ 2024లో చెప్పింది. ఒక వైఫై చిప్ కోసం దేశం మొత్తం ఆగింది. కాబట్టి పీఎస్6 ఎప్పుడొస్తుంది అన్న ప్రశ్నకు తోడు మన దగ్గరికి ఎప్పుడొస్తుంది అన్నది కూడా కలపండి. పీఎస్5 అయినా బయట 2020 నవంబర్‌లో వస్తే ఇక్కడ 2021 ఫిబ్రవరి 2న వచ్చింది.

జగిత్యాల_గల్ఫ్
నేను దుబాయ్‌లోనే ఉన్నా అక్కా. మా ఊరికి వెళ్లే ప్రతివాడి సూట్‌కేసులో ఒక కన్సోల్ ఉంటుంది. ప్రో కూడా తీసుకుపోయారు. అక్కడి వారంటీ ఊళ్లో నడవదని మాత్రం ముందే చెబుతున్నా. చెడిపోతే మళ్లీ ఎవరో సెలవుకు వచ్చేదాకా అల్మారాలో పడి ఉండాల్సిందే.

పాత_క్యాసెట్
చాలాసేపు ఊరుకున్నాను, ఇక ఉండలేను. కన్సోల్ బలంగా ఉంటే బయటి కంపెనీలు వస్తాయి, బలహీనంగా ఉంటే పోతాయి అన్నది చరిత్రలో నిలబడని మాట.

నింటెండో 64 తీసుకోండి. 3డీ బలంలో మొదటి ప్లేస్టేషన్ కన్నా కొన్ని విషయాల్లో పైనే. కానీ కార్ట్రిడ్జ్ పట్టుకొని కూర్చున్నారు. అందులో పట్టేది మహా అయితే 64 మెగాబైట్లు, సీడీలో 650. కార్ట్రిడ్జ్ తయారీ ఖర్చు కూడా ఎక్కువ. స్క్వేర్ కంపెనీ ఫైనల్ ఫాంటసీ 7ను ప్లేస్టేషన్‌కు తీసుకుపోయింది, 1997లో మూడు సీడీల మీద వచ్చింది. ఆ ఒక్క గేమ్‌తో జపాన్‌లో గాలి ఎటు తిరిగిందో అందరికీ తెలుసు.

తర్వాతి తరంలో పీఎస్2 గ్రాఫిక్స్ బలం మొదటి ఎక్స్‌బాక్స్ కన్నా తక్కువ. అయినా 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది, దునియాలో ఉన్న ప్రతి కంపెనీ దానికి గేమ్ చేసింది. మన హైదరాబాద్ వాళ్లు కూడా చేశారు తెలుసా? 2009లో అరోనా టెక్నాలజీస్ పీఎస్2కు హనుమాన్ గేమ్ తెచ్చింది. అదే ఏడు గేమ్‌శాస్త్ర వాళ్లు కబడ్డీ, గాలిపటాలతో దేశీ అడ్డా చేశారు. ఆడితే గొప్పగా ఏమీ ఉండవు, నేను మొహమాటం లేకుండా చెబుతున్నా. కానీ అప్పటికి పీఎస్2 వచ్చి తొమ్మిదేళ్లు, దాని తర్వాతి మెషిన్ వచ్చి మూడేళ్లు. అంత ముసలి మెషిన్‌కు హైదరాబాద్‌లో కొత్త గేమ్ చేయడం లెక్కకు వచ్చిందంటే, కారణం ఆ మెషిన్ మన ఇళ్లలో ఉండటమే.

ఇక నింటెండో కన్సోల్ వీ యూ. 2011లో ఈఏ పెద్దాయన నింటెండో వేదిక ఎక్కి, మునుపెన్నడూ లేని భాగస్వామ్యం అన్నాడు. 2012లో ఫిఫా 13 ఇచ్చారు. ఫిఫా 14 ఇవ్వలేదు. ఖతం. మెషిన్ మొత్తం అమ్ముడుపోయింది కోటీ 35 లక్షలు. దాని ప్రాసెసర్ వేరే జాతి, ఏడాది తిరిగేసరికి పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ రెండూ పీసీ తరహా చిప్‌లకు మారిపోయాయి. ఒకే పని రెండుసార్లు చేయాలి, కొనేవాళ్లు మాత్రం తక్కువ. ఏ కంపెనీ చేస్తుంది?

కాజీపేట_జంక్షన్
హనుమాన్ గేమ్ డిస్క్ మా ఇంట్లో ఉంది. అమ్మ దేవుడి పటాల పక్కన పెట్టింది, ముట్టుకోనివ్వదు.

చిప్_చారి
క్యాసెట్ గారి మాటకు ఒక సవరణ. బలం పూర్తిగా లెక్కలోకి రాదనడం సరికాదు. ఒక గీత ఉంటుంది, దాని కింద పడితే గేమ్ రాదు. ఆ గీత జీపీయూ దగ్గర కన్నా మెమరీ దగ్గర ముందు తగులుతుంది. ఎక్స్‌బాక్స్‌లో చిన్న మోడల్ సిరీస్ ఎస్‌ను చూడండి. మొత్తం 10 జీబీ, అందులో 8 జీబీ ఒక వేగం, మిగతా 2 జీబీ బాగా నెమ్మది. బాల్డర్స్ గేట్ 3 పీఎస్5కు 2023 సెప్టెంబర్‌లో వస్తే ఎక్స్‌బాక్స్‌కు డిసెంబర్ దాకా రాలేదు. చివరికి సిరీస్ ఎస్‌లో స్ప్లిట్ స్క్రీన్ (ఒకే టీవీ మీద ఇద్దరు ఆడటం) తీసేసి ఇచ్చారు. బ్లాక్ మిత్ వూకాంగ్ 2024 ఆగస్టు 20న పీఎస్5కు, పీసీకి వచ్చింది, ఎక్స్‌బాక్స్‌కు సరిగ్గా ఏడాది తర్వాత. ఆ 10 జీబీలో ఇరికించడానికి ఎంత కష్టమో దాన్ని చేసినవాళ్లే చెప్పుకున్నారు.

అందుకే తర్వాతి తరంలో సోనీ పెద్ద మెషిన్‌తో పాటు చేతిలో పట్టుకునేది కూడా తెస్తుందన్న పుకారు నాకు భయం. అట్లా తెస్తే ప్రతి గేమ్ ఆ చిన్నదానిలో కూడా నడవాలి. గీత మళ్లీ కిందికి జారుతుంది.

నిట్_హాస్టల్
గీత కిందికి జారితే మనకే మంచిది కదా అన్నా, పీఎస్5కూ గేములు వస్తూనే ఉంటాయి.

చిప్_చారి
జోన్ అన్నకు మంచిదే. భద్రకాళి అక్కకు కాదు.

మంచిర్యాల_మామ
నింటెండో స్విచ్ 2 ఉన్నవాడిని ఒకడిని ఇక్కడ ఉన్నాను, ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతా. మీరు మాట్లాడే రెండు సంగతులూ ఇందులో కళ్ల ముందే జరుగుతున్నాయి. టీవీకి తగిలించే డాక్‌లో పెడితే దాని బలం సుమారు 3 టెరాఫ్లాప్స్, సిరీస్ ఎస్ కన్నా తక్కువ. కానీ మెమరీ 12 జీబీ, పైగా ఎన్విడియా ఏఐ అప్‌స్కేలింగ్ డీఎల్‌ఎస్‌ఎస్ ఉంది. సైబర్‌పంక్ మొదటి రోజే 64 జీబీ కార్ట్రిడ్జ్ మీద వచ్చింది. స్టార్ వార్స్ ఔట్‌లాస్ రే ట్రేసింగ్‌తో నడుస్తోంది. నేను మంచంలో పడుకొని ఆడుతున్నా, ఇంకేం కావాలి?

అన్నీ బాగున్నాయని అనను. ఎల్డెన్ రింగ్ చేతిలో పట్టుకొని ఆడితే తడబడుతోందని చూసినవాళ్లు చెప్పారు, 2026కు వాయిదా వేశారు. బోర్డర్‌లాండ్స్ 4 తేదీ చెప్పి వెనక్కి తీసుకున్నారు. ఇంకో చిరాకు గేమ్ కీ కార్డులు. పెట్టెలో కార్ట్రిడ్జ్ ఉంటుంది, అందులో గేమ్ ఉండదు, మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవాలి. మా వైపు ఇంటర్నెట్‌కు అది రాత్రంతా పని. ఔట్‌లాస్ కూడా ఇదే బాపతు. కార్ట్రిడ్జ్ చదివే వేగం తమ గేమ్‌కు చాలదని దాన్ని చేసినవాళ్లే అన్నారు. క్యాసెట్ గారు చెప్పిన 1997 కథ మళ్లీ ఇంకో వేషంలో.

మన దేశంలో నింటెండో అధికారికంగా అమ్మదు. నాది హైదరాబాద్‌లో ఒక దుకాణంలో కొన్నది. ఎడమ జాయ్‌కాన్ (పక్కన తగిలించే కంట్రోలర్) పాడైతే, తెచ్చి ఇచ్చేదాకే మా బాధ్యత అన్నారు. పేరు చెప్పను, వాళ్లు ఇక్కడ కూడా ఉండొచ్చు.

పాత_క్యాసెట్
మామా, నీ కేసు నా మాటనే బలపరుస్తోంది. బలం తక్కువైనా కంపెనీలు క్యూ కట్టాయి. ఎందుకు? పాత స్విచ్ 15 కోట్లు దాటింది, కొత్తది నాలుగు నెలలు నిండకుండానే కోటి దాటింది.

కరీంనగర్_కేబుల్
నాది పీసీలు కట్టే షాపు. మీరు బలం గురించి కొట్టుకుంటున్నారు, నేను ధర గురించి భయపడుతున్నా. 2025 చివర నుంచి ర్యామ్ ధరలు చూశారా? ఏఐ డేటా సెంటర్లు మెమరీ మొత్తం ఊడ్చుకుపోతున్నాయి. మైక్రాన్ ఏకంగా క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారమే మూసేస్తున్నట్టు డిసెంబర్‌లో ప్రకటించింది. దసరాకు కొటేషన్ తీసుకున్న కస్టమర్ సంక్రాంతికి వచ్చి నన్ను దొంగను చూసినట్టు చూశాడు. చారి చెప్పినట్టు తర్వాతి తరం అంతా మెమరీ మీదే నడిచేదైతే, ఆ మెమరీ ధర ఇట్లా ఉంటే, కన్సోల్ ఎంతకు అమ్ముతారు? ఇంకో సంగతి. కన్సోల్ పాతబడితే ధర తగ్గేది ఒకప్పుడు. పీఎస్5 ఇక్కడ 49,990కి వచ్చింది, తర్వాత 54,990 అయింది. అమెరికాలో 2025 ఆగస్టులో ఇంకో 50 డాలర్లు పెంచారు. ఆగితే చవకవుతుంది అనుకునే వాళ్లు ఇది చూసుకోండి.

నిట్_హాస్టల్
అయితే వాల్వ్ కంపెనీ స్టీమ్ మెషిన్ సంగతేంటి? బయటి కంపెనీల గోలే లేదు, వాళ్ల పీసీ గేముల దుకాణం స్టీమ్‌లో ఉన్నవన్నీ వస్తాయి.

కరీంనగర్_కేబుల్
అన్నీ రావు. ఆన్‌లైన్‌లో మోసాలు పట్టే యాంటీచీట్, ఆ మెషిన్ నడిచే లినక్స్ మీద పనిచేయని గేములు కొన్ని ఉన్నాయి, అవి మళ్లీ మీ పోరగాళ్లు ఆడేవే. పైగా అందులో వీడియో మెమరీ 8 జీబీయే. 2026 నడుస్తుంటే 8 జీబీ! నా షాపులో 8 జీబీ కార్డు అమ్మాలంటే నేనే వద్దంటున్నా.

గోదావరిఖని_గన్నర్
ఎక్స్‌బాక్స్ కొత్తది ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదా? ఏఎండీతో కలిసి చేస్తున్నామని 2025 జూన్‌లో చెప్పారు కదా.

భద్రకాళి_బండ్
చాలా ప్రీమియంగా ఉంటుంది అని కూడా చెప్పారు. ఆ మాట వినగానే నేను పర్సు మూసేశాను. అయినా ఫోర్జా హొరైజన్ 5 పీఎస్5కు వచ్చింది, గేర్స్ వచ్చింది, హేలో కూడా ప్రకటించారు. సోనీకి ఇప్పుడు అన్నింటికన్నా పెద్ద బయటి కంపెనీ మైక్రోసాఫ్టే.

కాజీపేట_జంక్షన్
అక్కా, ఈ మాట 2006లో ఎవరైనా అని ఉంటే ఎర్రగడ్డ పంపేవాళ్లు.

హన్మకొండ_జోన్
అన్నీ చదివాను. నాకు మిగిలిన అనుమానం డిస్కుల గురించి. నా దగ్గర డిస్కులు ఒక రాక్ నిండా ఉన్నాయి. పాతవి అమ్మి, కొంచెం కలిపి కొత్తవి తెస్తాను, నా వ్యాపారం నడిచేదే దాని మీద. ప్రోలో డ్రైవ్ లేదు, విడిగా కొనుక్కోవాలి. పీఎస్6లో అసలే తీసేస్తే ఈ రాక్ ఏం చేయను? పాత గేములు నడుస్తాయా?

చిప్_చారి
పాత గేములు నడవడం గురించి భయం తక్కువ. పీఎస్3 గేములు పీఎస్4లో నడవకపోవడానికి కారణం సెల్ అనే వింత ప్రాసెసర్. పీఎస్4 నుంచి అంతా ఏఎండీ, పీసీ తరహా చిప్‌లే. అమెథిస్ట్ కూడా ఏఎండీతోనే కాబట్టి పీఎస్5 గేములు ముందుకు వెళ్తాయనే నా నమ్మకం. డ్రైవ్ సంగతి వేరు. విడిగా తగిలించుకునే పద్ధతే కొనసాగుతుందని అనుకుంటున్నా, డబ్బు మాత్రం మనదే. కొనేదేదో ఇప్పుడు డిస్క్ ఉన్న పీఎస్5 కొనండి, డిస్క్ లేని డిజిటల్ మోడల్ వైపు చూడకండి. మీ లాంటి షాపుకు గేమ్ ధర సగం తిరిగి వచ్చేది డిస్కుతోనే.

పాత_క్యాసెట్
ఒక్కసారిగా అన్నీ మార్చకండి కూడా. ఎఫ్‌సీ ఆడేవాళ్లకు పీఎస్4 ఇంకా సరిపోతోంది. జీటీఏ, టెక్కెన్ అడిగేవాళ్లకు సరిపడా పీఎస్5లు ముందు పెట్టండి. మిగిలిన పీఎస్4లు విప్పించి దుమ్ము తీయించి కొత్త థర్మల్ పేస్ట్ వేయిస్తే ఆ ఫ్యాన్ మోత చాలావరకు పోతుంది.

నిట్_హాస్టల్
నేనైతే ఇంకా ఆగమనే అంటాను. ఆర్నెల్లలో సోనీ ఏదో ఒకటి చెబుతుంది చూడండి.

గోదావరిఖని_గన్నర్
ఆ ఆర్నెల్ల అద్దె నువ్వు కడతావా తమ్ముడూ?

జగిత్యాల_గల్ఫ్
ఎన్ని టెరాఫ్లాప్స్ వచ్చినా మనకు మంచి క్రికెట్ గేమ్ ఎవడిస్తాడు? ఈఏ 2006లో క్రికెట్ 07 ఇచ్చి చేతులు దులుపుకుంది. మా రూమ్‌లో ఇప్పటికీ అదే, కొత్త జట్ల ప్యాచ్ వేసుకొని ఆడుతున్నాం. దానికి నా పాత ల్యాప్‌టాప్ చాలు.

హన్మకొండ_జోన్
సరే, డిస్క్ ఉన్న పీఎస్5లు రెండు తీసుకుంటున్నా. మిగతావాటికి థర్మల్ పేస్ట్. కరీంనగర్ అన్నా, పీఎస్4లు విప్పే పని మీ షాపులో చేస్తారా? నంబర్ ఇక్కడ పెట్టండి, ఆదివారం బండి మీద వేసుకొని వస్తా.

మోడరేటర్
ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టవద్దు. రిపేర్లు, అమ్మకాలు, కొనుగోళ్ల విభాగం వేరే ఉంది, అక్కడ మాట్లాడుకోండి.

కరీంనగర్_కేబుల్
మెసేజ్ పెట్టాను అన్నా. ఆదివారం వద్దు, షాపు బంద్. సోమవారం పొద్దున రండి, కంట్రోలర్లు కూడా తెచ్చుకోండి, స్టిక్ డ్రిఫ్ట్ (ముట్టుకోకుండానే స్టిక్ కదిలినట్టు చూపించడం) ఉన్నవి చూస్తా.